ఎయిర్‌బ్రష్ శుభ్రత, సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

స్కేల్ మోడళ్లకు, చిన్న బొమ్మలకు రంగులు వేసే అభిరుచి ఉన్నవారు ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగును సన్నని తుంపరగా చిమ్మే పెన్ను లాంటి పరికరం) కొన్న కొద్దిరోజులకే అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం రంగు వేయడం గురించి కాక, వేశాక కడగడం గురించే ఉంటాయి. అందుకే వాటన్నిటినీ పని జరిగే క్రమంలో ఇక్కడ ఒకచోట చేర్చాను. పైన రంగు పోసే చిన్న గిన్నె (కప్పు) ఉండి, ట్రిగ్గర్‌ను కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వచ్చే డబుల్ యాక్షన్ రకాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాను. ఎయిర్‌బ్రష్‌లు రంగు వేస్తుండగా పాడవడం అరుదు, కడిగే చేతుల్లోనే ఎక్కువగా పాడవుతాయి అన్నది నా గట్టి అభిప్రాయం.

## మొదలుపెట్టే ముందు

కొత్త ఎయిర్‌బ్రష్‌ను పెట్టెలోంచి తీసి నేరుగా రంగు పోయవచ్చా?

పోయకండి. తయారీలో మిగిలిన నూనె, పాలిష్ మడ్డి లోపల కొద్దిగా ఉండవచ్చు. ముందు కప్పులో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి స్ప్రే చేసి, ఆ తర్వాత శుభ్రమైన నీటితో అలాగే చేయండి. దానికంటే ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది. రంగు ఇంకా తగలని ఆ రోజే, తెల్లటి గుడ్డ పరిచి, ఒక్కొక్క భాగాన్నీ విప్పి, విప్పిన వరుసలోనే పేర్చి ఫొటో తీసుకోండి. ట్రిగ్గర్ వెనుక ఉండే చిన్న మీట ఏ వైపుకు తిరిగి ఉందో ప్రత్యేకంగా గమనించండి. తిరిగి బిగించేటప్పుడు చాలామంది తికమకపడేది ఆ ముక్క దగ్గరే.

లోపలి భాగాలన్నిటి పేర్లూ తెలిసి ఉండాలా?

అన్నీ అక్కర్లేదు కానీ అయిదు భాగాల పని తెలిస్తే చాలా లోపాలను మీరే కనిపెట్టగలరు. ముందు కొసన ఉండే సన్నని శంకువు లాంటి భాగం నాజిల్. దాని రంధ్రాన్ని మూసి ఉంచేది సూది. నాజిల్ చుట్టూ గాలిని మళ్లించేది నాజిల్ క్యాప్. ఆ గాలి వేగంగా దూసుకుపోతున్నప్పుడు నాజిల్ మొన దగ్గర పీడనం తగ్గి, సూది వెనక్కి జరిగినప్పుడు ఏర్పడే సన్నని సందులోంచి రంగు బయటికి లాగబడుతుంది. కప్పుకు వెనుక, సూది చుట్టూ ఉండే టెఫ్లాన్ ప్యాకింగ్ రంగును ట్రిగ్గర్ వైపు రాకుండా ఆపుతుంది. ట్రిగ్గర్ కింద ఉండే వాల్వ్ గాలిని తెరిచి మూస్తుంది. రంగు సరిగ్గా రాకపోతే ముందు భాగాన్ని, గాలి సరిగ్గా రాకపోతే కింది వాల్వ్‌ను, వేలికి రంగు అంటుకుంటే ప్యాకింగ్‌ను చూడాలి.

శుభ్రం చేయడానికి ఖరీదైన కిట్ కొనాలా?

అవసరం లేదు. మందుల షాపులో దొరికే పళ్ల సందుల బ్రష్‌లు, ఇయర్ బడ్స్, మెత్తని నైలాన్ పెయింట్ బ్రష్ ఒకటి, సన్నని మూతి ఉన్న పిండే సీసాలు రెండు, బాగా ఉతికిన పాత నూలు పంచె ముక్కలు సరిపోతాయి. మూతకు ఫిల్టర్ ఉన్న క్లీనింగ్ పాట్ మాత్రం కొనదగిన వస్తువే, ఎందుకంటే అది స్ప్రే చేసిన ద్రావకపు తుంపరను గదిలోకి పోకుండా చాలావరకు పట్టి ఉంచుతుంది. చవక కిట్లలో వచ్చే ఉక్కు తీగ బ్రష్‌లను నాజిల్ లోపలికి దూర్చకండి. మెత్తని ఇత్తడి గోడ మీద అవి గీసే గీతల్లోనే తర్వాత రంగు పేరుకుంటుంది.

ఏ రంగుకు ఏ ద్రావకం వాడాలి?

ఈ ఒక్క విషయం సరిగ్గా తెలిస్తే సగం ఇబ్బందులు తీరుతాయి. సీసా మీద అక్రిలిక్ అని రాసి ఉన్నవన్నీ ఒకే రకం కావు. టామియా అక్రిలిక్ రంగులు ఆల్కహాల్‌లో చక్కగా కరుగుతాయి కాబట్టి వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నేరుగా కడగవచ్చు. వయెహో లాంటి నీటి ఆధారిత అక్రిలిక్‌లను మాత్రం తడిగా ఉన్నప్పుడే ఆల్కహాల్‌తో కడిగితే అవి విరిగి, జిగురు పోగుల్లా ముద్దకట్టి నాజిల్‌ను మూసేస్తాయి. వాటిని ముందు నీటితోనో, ఆ కంపెనీ క్లీనర్‌తోనో పూర్తిగా వెళ్లగొట్టాలి.

లాకర్ రంగులకు (ఘాటైన ద్రావకంతో తయారై త్వరగా ఆరే రకం) లాకర్ థిన్నర్ కావాలి. పెయింట్ షాపుల్లో ఎన్‌సీ థిన్నర్ పేరుతో అమ్మేది కడగడానికి బాగానే పనికివస్తుంది. దాన్ని మంచి రంగులో కలపడానికి మాత్రం వాడకపోవడమే మేలు. హంబ్రాల్ లాంటి ఎనామెల్ రంగులకు మినరల్ టర్పెంటైన్ వాడాలి. ఆరి గట్టిపడిన నీటి అక్రిలిక్‌ను కరిగించడానికి కూడా లాకర్ థిన్నర్ ఉపయోగపడుతుంది. అయితే తడి రంగు ఏమీ మిగలకుండా నీటితో కడిగాకే దాన్ని పోయాలి, లేకపోతే రెండూ కలిసి ముద్దవుతాయి.

మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్, శానిటైజర్ పనికివస్తాయా?

శానిటైజర్ వద్దు. అందులో చిక్కదనం కోసం, చర్మం ఎండిపోకుండా ఉండడం కోసం కలిపే పదార్థాలు లోపల పొరగా మిగులుతాయి. సర్జికల్ స్పిరిట్‌లో కొన్ని రకాలలో ఆముదం కలుపుతారు కాబట్టి సీసా మీది వివరాలు చదవకుండా వాడకండి. కొనేటప్పుడే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడిగి తీసుకోవడం సులభమైన దారి.

అద్దాలు తుడిచే ద్రవంతో కడగమని కొందరు చెబుతారు. నిజంగా మంచిదేనా?

అమ్మోనియా ఉన్న ద్రవం ఆరిన అక్రిలిక్‌ను బాగా వదిలిస్తుంది, ఆ మాట నిజమే. కానీ ఎయిర్‌బ్రష్ శరీరం ఎక్కువగా ఇత్తడితో చేసి పైన క్రోమ్ పూత వేసినది. అమ్మోనియా ఇత్తడిని తినేస్తుంది. పూత అరిగిన చోట, మరల లోపల, నాజిల్ గోడలో ఆ నష్టం కంటికి కనిపించకుండా సాగుతుంది. కొద్ది సెకన్లు స్ప్రే చేసి వెంటనే నీటితో కడిగితే పెద్ద ప్రమాదం ఉండకపోవచ్చు గానీ, అందులో నానబెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. వేరే మంచి ద్రావకాలు ఉండగా దాని జోలికి పోవలసిన అవసరం నాకు కనిపించదు.

బోరు నీళ్లతో కడగవచ్చా?

మొదటి కడుగుకు వాడవచ్చు, చివరి కడుగుకు వద్దు. తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. స్టీలు బిందె అంచున, గీజరు లోపల పేరుకునే తెల్లటి పొర 0.3 మిల్లీమీటర్ల నాజిల్ లోపల పేరుకుంటే స్ప్రే పక్కకు తిరుగుతుంది. బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా తెచ్చుకుని, చివరి కడుగుకూ రంగు పలుచన చేయడానికీ దాన్నే వాడండి.

## రంగు వేస్తుండగా

స్ప్రే మధ్యలో ఆగిపోయి, కాసేపటికి ఒక్కసారిగా చిమ్ముతోంది. నాజిల్ మూసుకుపోయిందా?

చాలాసార్లు నాజిల్ లోపల ఏమీ ఉండదు, సూది మొన మీదే రంగు ఎండి ఉంటుంది. వేగంగా వీచే గాలి మొన దగ్గరి తడిని లాగేస్తుంది. ఎండిన ఆ గుల్ల రంగును అడ్డుకుంటుంది, మీరు ట్రిగ్గర్‌ను ఇంకా వెనక్కి లాగుతారు, గుల్ల ఊడిపోగానే లోపల ఆగిన రంగంతా ఒకేసారి మోడల్ మీద పడుతుంది. నీటి అక్రిలిక్‌లతో ఇది అందరికీ జరుగుతుంది, మే నెలలో సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుని పనిచేస్తే మరీ ఎక్కువగా జరుగుతుంది.

క్లీనర్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో మొనను ముందు వైపుకే, మెత్తగా తుడవండి. ప్రతి కొద్ది నిమిషాలకూ, రంగు ఆగిపోకముందే అలా తుడవడం అలవాటు చేసుకోవాలి. అప్పటికీ తగ్గకపోతే రంగును మరికాస్త పలుచన చేసి, ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ రెండు చుక్కలు కలిపి, గాలి పీడనాన్ని 15 పీఎస్ఐ వరకు తగ్గించి చూడండి. ఫ్యాన్ గాలి నేరుగా చేతి మీద పడకుండా చూసుకోవడం కూడా తేడా చూపిస్తుంది.

మొనను తుడిచినా మాటిమాటికీ రంగు గడ్డకడుతోంది. నా అలవాటులో తప్పుందా?

ట్రిగ్గర్ వదిలే తీరును గమనించండి. మొదలుపెట్టేటప్పుడు ముందు గాలి, తర్వాత రంగు రావాలి. ఆపేటప్పుడు ముందు రంగు, తర్వాత గాలి ఆగాలి. రెండిటినీ ఒకేసారి వదిలేస్తే నాజిల్ బయట మిగిలిన చుక్కను ఊదేయడానికి గాలి ఉండదు, అది అక్కడే ఎండుతుంది.

పని మధ్యలో ఫోన్ వస్తే లేదా భోజనానికి లేస్తే రంగును కప్పులోనే ఉంచవచ్చా?

రెండు నిమిషాల పనైతే మొన మీద తడి గుడ్డ చుట్టి ఉంచవచ్చు. అంతకుమించితే రంగును సీసాలోకి తిరిగి పోసి, కప్పును తుడిచి, శుభ్రమైన ద్రావకం స్ప్రే చేసి, ఇంకొన్ని చుక్కలు కప్పులో వదిలి లేవండి. దానికి ఒక్క నిమిషం పడుతుంది. ఎండిపోయిన రంగును వదిలించడానికి అరగంట పడుతుంది.

## రంగు మార్చేటప్పుడు

ప్రతి రంగు మార్పుకూ మొత్తం విప్పాలా?

అక్కర్లేదు. అలా విప్పడమే నాజిళ్లు, సూదులు పాడవడానికి పెద్ద కారణం. మిగిలిన రంగును తీసేసి, కప్పును గుడ్డతో తుడవండి. కప్పు అడుగున సూది కనిపించే గాడిలో రంగు దాక్కుంటుంది కాబట్టి అక్కడ మెత్తని బ్రష్‌తో ద్రావకాన్ని కలియబెట్టి పారబోయండి. మళ్లీ కొద్దిగా పోసి క్లీనింగ్ పాట్‌లోకి స్ప్రే చేయండి. తెల్ల కాగితం మీద ఊదినప్పుడు తడి మాత్రమే కనిపించి రంగు మరక కనిపించకపోతే మీరు సిద్ధమైనట్టే. లేత రంగుల నుంచి ముదురు రంగుల వైపు పని వరుస వేసుకుంటే ఇంతకంటే శుభ్రం అవసరం పడదు. ఒకేసారి కప్పు నిండా ద్రావకం పోయడం కంటే, కొద్దికొద్దిగా మూడుసార్లు పోయడమే బాగా కడుగుతుంది.

ముందు వైపు మూసి కప్పులో బుడగలు తెప్పించడం మంచిదేనా?

జాగ్రత్తగా చేస్తే మంచిదే. కప్పులో సగానికి తక్కువగా ద్రావకం ఉంచి, పీడనాన్ని 10 నుంచి 15 పీఎస్ఐకి తగ్గించి, ముందు క్యాప్‌ను గుడ్డతో మూసి, ట్రిగ్గర్‌ను నెమ్మదిగా నొక్కి కొంచెం వెనక్కి లాగండి. గాలి నాజిల్ గుండా వెనక్కి ప్రయాణించి అక్కడి రంగును కప్పులోకి తెస్తుంది. సూది మొనను కాపాడే ముందు మూత (సూది కాపు) తీసి ఉన్నప్పుడు వేలితో మూయకండి. సూది గుచ్చుకుంటుంది, మొన కూడా వంగుతుంది. ఎక్కువ పీడనంతో చేస్తే ద్రావకం ముఖం మీదికి చిమ్మడమే కాక, పలుచని రంగు ప్యాకింగ్ దాటి ట్రిగ్గర్ వైపు పోతుంది. కప్పుకు మూత పెట్టండి, కళ్లద్దాలు పెట్టుకోండి.

వెండి రంగు తర్వాత తెలుపు వేస్తే మెరుపు చుక్కలు పడుతున్నాయి. ఎంత కడిగినా పోవడం లేదు, ఏం చేయాలి?

మెటాలిక్ రంగుల్లోని సన్నని రేకులు ద్రావకంలో కరగవు. అవి కప్పు అడుగున, నాజిల్ భుజం దగ్గర అంటుకుని, తర్వాతి రంగుతో ఒకటొకటిగా బయటికి వస్తాయి. మెటాలిక్ తర్వాత మాత్రం సూదిని తీసి తుడిచి, నాజిల్ విప్పి కడగడం తప్పదు. వీలైతే మెటాలిక్ పనులన్నీ రోజు చివరికి పెట్టుకోండి. పాత ఎయిర్‌బ్రష్ ఒకటి ఉంటే దాన్ని వాటికే కేటాయించడం ఇంకా మంచిది.

ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేసినప్పుడే ఎందుకంత గట్టిగా పట్టేస్తుంది?

నీటి ఆధారిత పాలీయురెథేన్ ప్రైమర్లు ఆరాక రబ్బరు లాంటి గట్టి పొర కడతాయి, ఆ తర్వాత నీటికి లొంగవు. ప్రైమర్ పని పూర్తయిన మరుక్షణమే కడగండి. దానికి 0.4 లేదా 0.5 మిల్లీమీటర్ల నాజిల్ వాడితే ఈ చిక్కు చాలా తగ్గుతుంది.

## రోజు పని ముగిశాక

రాత్రి పని ముగించాక కనీసం ఏం చేస్తే చాలు?

కప్పును తుడిచి, ద్రావకం స్ప్రే చేసి, ఒకసారి బుడగలు తెప్పించి, మళ్లీ శుభ్రమైన ద్రావకం స్ప్రే చేయండి. గాలి గొట్టం విప్పి, వెనుక పిడి తీసి, సూదిని పట్టి ఉంచే నట్‌ను వదులు చేసి, సూదిని బయటికి తీసి, తడి గుడ్డ మధ్య పెట్టి వెనుక నుంచి మొన వైపుకు తిప్పుతూ లాగండి. మొన నుంచి వెనక్కి ఎప్పుడూ తుడవకండి. తర్వాత సూదిని నెమ్మదిగా లోపలికి పెట్టి, నాజిల్‌ను తాకినట్టు తెలియగానే ఆపి, నట్ బిగించండి. సూది మొన మీద రంగు గీత ఏదీ కనిపించకపోతే, ఆ రోజుకు నాజిల్ విప్పవలసిన పని లేదు.

సూదిని వెనక్కి లాగి తీయాలా, ముందు వైపు నుంచి తీయాలా?

లోపల రంగు లేకుండా స్ప్రే చేసి కడిగి ఉంటే వెనక్కి లాగడమే సురక్షితం, మొనకు ఏదీ తగలదు. రంగు ఎండి సూదికి అంటుకుని ఉంటే మాత్రం వెనక్కి లాగినప్పుడు ఆ ముక్కలు ప్యాకింగ్‌లో ఇరుక్కుని దాన్ని అరగదీస్తాయి. అలాంటప్పుడు సూదిని నాలుగైదు మిల్లీమీటర్లు మాత్రమే వెనక్కి జరిపి, ముందు క్యాప్, నాజిల్ విప్పి, సూదిని ముందు వైపు నుంచి బయటికి తీయాలి. రెండు పద్ధతుల్లోనూ సూదిని తీయకుండా లేదా వెనక్కి జరపకుండా నాజిల్ విప్పకూడదు.

మొత్తం ఎయిర్‌బ్రష్‌ను రాత్రంతా థిన్నర్‌లో నానబెడితే తేలిగ్గా ఉంటుంది కదా?

దయచేసి అలా చేయకండి. లాకర్ థిన్నర్‌లో, అసిటోన్‌లో రబ్బరు ఓ-రింగులు (గాలి, రంగు కారకుండా భాగాల మధ్య ఉండే వలయాలు) ఉబ్బి, తర్వాత పెళుసెక్కుతాయి. కరిగిన రంగు గాలి వాల్వ్‌లోకి దిగి అక్కడ ఆరుతుంది. నానబెట్టవలసి వస్తే నాజిల్‌ను, క్యాప్‌ను మాత్రమే ఓ-రింగులు తీసి చిన్న గాజు గిన్నెలో వేసి మూత పెట్టండి. కప్పులో ఎండిన రంగు కోసం ద్రావకంలో తడిపిన దూదిని కప్పులోనే పది నిమిషాలు ఉంచితే చాలు.

## పూర్తిగా విప్పి కడగడం

ఎన్నాళ్లకొకసారి పూర్తిగా విప్పాలి?

క్యాలెండర్ చూసి విప్పకండి, ఎయిర్‌బ్రష్ చెప్పినప్పుడు విప్పండి. స్ప్రే పక్కకు పోవడం, ట్రిగ్గర్ బరువెక్కడం, కడిగాక కూడా పాత రంగు కనిపించడం, సూది వెనక్కి రావడానికి మొరాయించడం లాంటి లక్షణాలు లేకపోతే ముందు భాగాలను మాత్రమే శుభ్రం చేస్తే సరిపోతుంది. గాలి వాల్వ్‌లోకి ద్రవం పోకపోతే దాన్ని ఏళ్ల తరబడి ముట్టుకోనక్కర్లేదు.

నాజిల్ లోపల ఎండిన రంగును ఎలా తీయాలి?

ముందుగా అది ఏ రకమో తెలుసుకోండి. ఇవాటా ఎక్లిప్స్, బ్యాడ్జర్ పేట్రియట్ లాంటి వాటిలో నాజిల్‌కు మర ఉండదు, క్యాప్ విప్పగానే చేతిలోకి వస్తుంది. మర ఉన్న చిన్న నాజిళ్లను వాటితో వచ్చిన రెంచితోనే, పట్టు తగిలీ తగలనట్టుగా తిప్పి విప్పాలి. సింకు మీద ఈ పని చేయకండి. బియ్యపు గింజంత నాజిల్ జారితే మళ్లీ దొరకదు.

విప్పిన నాజిల్‌ను సరైన ద్రావకంలో పావుగంట నానబెట్టి, సన్నని నైలాన్ బ్రష్‌ను వెనుక నుంచి దూర్చి తిప్పండి. పంటి పుల్లను సన్నగా చెక్కి, ద్రావకంలో తడిపి వాడినా గోడకు గీత పడదు. పుల్ల మొన లోపల విరగకుండా మాత్రం చూసుకోవాలి. తర్వాత వెలుతురుకెదురుగా పట్టి భూతద్దంలో చూడండి. రంధ్రం అంచు గుండ్రంగా, పగులు లేకుండా, లోపలి గోడ మెరుస్తూ కనిపించాలి. ఎయిర్‌బ్రష్ సూదినే నాజిల్‌లో తిప్పి గీకడం చాలామంది చేసే పని. నాజిల్ మొన విచ్చుకుపోయేది, పగిలేది ఎక్కువగా అందువల్లే.

అల్ట్రాసోనిక్ క్లీనర్ (అతిధ్వని కంపనాలతో కడిగే తొట్టి) కొంటే ఈ శ్రమంతా తప్పుతుందా?

కొంత తప్పుతుంది, అంతా తప్పదు. అది వదులైన రంగును మూలల్లోంచి బాగా రాలుస్తుంది గానీ, పూర్తిగా గట్టిపడిన పొరను ద్రావకం లేకుండా తీయలేదు. గోరువెచ్చని నీటిలో చుక్క గిన్నెల సబ్బు వేసి, ఓ-రింగులు తీసిన లోహ భాగాలను మాత్రమే మూడు నాలుగు నిమిషాలు ఉంచండి. భాగాలు ఒకదానికొకటి తగలకూడదు, సూదిని అందులో వేయకూడదు. ఎక్కువసేపు ఉంచితే బలహీనమైన క్రోమ్ పూత పెచ్చులుగా లేస్తుంది. తొట్టిలో ఆల్కహాల్, థిన్నర్ లాంటి మండే ద్రవాలు పోయడం అగ్ని ప్రమాదానికి దారితీస్తుంది.

లోపల నూనె వేయాలా? కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె పనికివస్తాయా?

ఆ రెండూ వద్దు. నూనె లేదా సిలికాన్ చుక్క రంగులో కలిస్తే మోడల్ మీద రంగు పట్టకుండా గుండ్రటి ఖాళీలు ఏర్పడతాయి. పైగా కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది. ఎయిర్‌బ్రష్‌ల కోసమే అమ్మే సిలికాన్ లేని లూబ్రికెంట్‌ను ట్రిగ్గర్ అడుగుకు, వాల్వ్ పిన్నుకు, సూదిలో ప్యాకింగ్‌కు వెనుక ఉండే భాగానికి ఆవగింజంత రాసి, కనిపించేదంతా తుడిచేయండి. సూది మొనకు, నాజిల్‌కు ఏమీ రాయకూడదు.

తిరిగి బిగించేటప్పుడు ఎంత గట్టిగా బిగించాలి?

వేళ్లకు పట్టు తగిలేవరకు మాత్రమే. మర నాజిల్‌ను ముందు వేళ్లతోనే ఎక్కించి, చివర కొద్దిగా మాత్రం రెంచితో తిప్పాలి. ఎక్కువ బలం పెడితే మర దగ్గర విరిగి, విరిగిన ముక్క శరీరంలోనే ఉండిపోతుంది. నాజిల్, క్యాప్ బిగించాకే సూదిని వెనుక నుంచి పెట్టండి. సూదిని చివర్లో పొడిచినట్టు నెట్టకండి.

## తేడా వచ్చినప్పుడు

కడగకుండానే కప్పులో బుడగలు వస్తున్నాయి. ఏం పాడైంది?

గాలి వెళ్లవలసిన దారి వదిలి రంగు దారిలోకి వస్తోంది. నాజిల్ లేదా క్యాప్ వదులుగా ఉందేమో ముందు చూడండి. తర్వాత నాజిల్ కూర్చునే చోట ఎండిన రంగు రేణువు ఉందేమో, అక్కడి ఓ-రింగ్ అరిగిందేమో చూడండి. మర నాజిల్ అయితే మర మీద కొద్దిగా తేనె మైనం రాసి బిగిస్తే సన్నని లీకు ఆగుతుంది. ఇవన్నీ బాగుంటే నాజిల్ పగిలి ఉంటుంది, మార్చవలసిందే.

ట్రిగ్గర్‌ను కిందికి నొక్కగానే, వెనక్కి లాగకముందే రంగు వస్తోంది. ఎందుకు?

సూది నాజిల్‌ను పూర్తిగా మూయడం లేదు. నట్ వదులై సూది వెనక్కి జరిగి ఉండవచ్చు, నాజిల్ లోపల రంగు గట్టిపడి సూదిని ఆపుతూ ఉండవచ్చు, లేదా నాజిల్ మొన విచ్చుకుని ఉండవచ్చు. ఇదే వరుసలో చూసుకుంటూ రండి. సూదిని ఇంకా బలంగా నెట్టి లీకు ఆపాలని చూస్తే విచ్చుకోని నాజిల్ కూడా విచ్చుకుంటుంది.

ట్రిగ్గర్ వదిలేసినా గాలి వస్తూనే ఉంది. వాల్వ్ మార్చాలా?

వెంటనే మార్చకండి. వాల్వ్ విప్పి, పిన్ను మీద ఎండిన రంగును తుడిచి, కొద్దిగా లూబ్రికెంట్ రాసి చూడండి. స్ప్రింగ్‌ను కొంచెం సాగదీస్తే కొన్నిసార్లు సరిపోతుంది. చిన్న ఓ-రింగ్ మీద కోత కనిపిస్తే దాన్ని మాత్రమే మార్చాలి. గాలి ఎక్కడి నుంచి పోతోందో తెలియకపోతే గొట్టం కీళ్ల మీద సబ్బు నురుగు రాసి చూడండి.

ట్రిగ్గర్ దగ్గర, నా వేలికి రంగు అంటుకుంటోంది. ఎందుకు?

ప్యాకింగ్ వదులైంది లేదా అరిగింది. చాలా మోడళ్లలో దాని మరను వెనుక నుంచి సన్నని స్క్రూడ్రైవర్‌తో అందుకోవచ్చు. సూదిని లోపల ఉంచి, సూది కదలికకు కొద్దిగా రాపిడి తెలిసేంతవరకు, పావు చుట్టు కంటే తక్కువ చొప్పున బిగించండి. మరీ బిగిస్తే ట్రిగ్గర్ తిరిగి ముందుకు రాదు.

సూది మొన వంగింది. కొత్తది కొనేదాకా పని ఆపాలా?

కొద్దిపాటి వంపు అయితే సరిచేయవచ్చు. వంపు ఉందో లేదో కంటికంటే గోరు బాగా చెబుతుంది: సూదిని తిప్పుతూ గోరు మీద మెల్లగా వెనక్కి లాగండి, గీసుకున్నట్టు తగిలితే వంపు ఉన్నట్టే. సూదిని చదునైన గాజు పలక మీద బాగా వాలుగా పడుకోబెట్టి, మొన మీద వేలితో మెత్తగా ఒత్తుతూ, తిప్పుతూ వెనక్కి లాగండి. తర్వాత 2000 నంబరు వాటర్ పేపర్‌ను తడిపి, దాని మీద అదే విధంగా నాలుగైదు సార్లు లాగి నునుపు చేయండి. మొన విరిగినా, కొక్కెంలా తిరిగినా నాజిల్‌లోంచి లాగకండి. ముందు వైపు నుంచి తీసి, కొత్త సూది తెప్పించుకోండి. వంగిన సూది వెనక్కి వస్తూ నాజిల్‌ను కూడా చీల్చుకుంటూ వస్తుంది, అప్పుడు కొనవలసినవి రెండవుతాయి.

## కంప్రెసర్, ఆరోగ్యం, భద్రపరచడం

స్ప్రే మధ్యలో నీటి చుక్కలు పడుతున్నాయి. ఎయిర్‌బ్రష్ సరిగ్గా కడగలేదా?

అది గాలిలోని తేమ. కంప్రెసర్ గాలిని నొక్కినప్పుడు వేడెక్కిన గాలి, ట్యాంకులో, గొట్టంలో చల్లబడి నీటిని వదులుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో, వానాకాలంలో ఎక్కడైనా ఇది ఎక్కువ. ప్రతి రోజు పని ముగిశాక ట్యాంకు అడుగు మరను తెరిచి నీటిని వదిలేయండి, రెగ్యులేటర్ కింది బుడ్డిలో నీరు సగానికి రాకముందే తీసేయండి. గొట్టం మధ్యలోనో, ఎయిర్‌బ్రష్ కిందనో ఇంకొక చిన్న మాయిశ్చర్ ట్రాప్ పెడితే మిగిలినదీ ఆగుతుంది.

కడిగేటప్పుడు కూడా మాస్క్ కావాలా?

రంగు వేసేటప్పటి కంటే కడిగేటప్పుడే గదిలో ఆవిరి ఎక్కువగా ఉండవచ్చు. ఎన్95 మాస్క్ రంగు తుంపరను ఆపుతుంది కానీ థిన్నర్ ఆవిరిని ఆపలేదు. దానికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, కిటికీ తెరిచి ఉండాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరి 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకోగలదు, మన ఇళ్లలో ఎప్పుడూ అంతకంటే వేడిగానే ఉంటుంది. వంటగది పక్కన, దేవుడి దీపం వెలుగుతున్న గదిలో ఈ పని పెట్టుకోకండి.

ఇదే ఎయిర్‌బ్రష్‌ను బాగా కడిగి, పిల్లల పుట్టినరోజు కేకుకు వాడవచ్చా?

వాడకూడదు. మోడల్ రంగుల్లోని వర్ణకాలు, ద్రావకాలు ప్యాకింగ్‌లో, మరల సందుల్లో మిగలవని ఎంత కడిగినా చెప్పలేం. కేకులకు వేరే ఎయిర్‌బ్రష్ కేటాయించండి.

కొన్ని నెలలు వాడకుండా ఉంచాలంటే ఎలా దాచాలి?

పూర్తిగా కడిగి, చివరగా గాలి మాత్రమే ఊది లోపల ఆరబెట్టండి. సూదిని ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరిపి బిగిస్తే, అది నెలల తరబడి నాజిల్ మీద ఒత్తుతూ ఉండదు. సూది కాపు పెట్టి, సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టెలో ఉంచండి. రెంచిని, తీసిన ఓ-రింగులను అదే పెట్టెలో పెట్టండి. తిరిగి తీసిన రోజు సూదిని ముందుకు జరపడం మరిచిపోతే గాలి నొక్కగానే రంగు కారుతుంది కాబట్టి, ఆ సంగతి ఒక చీటీ మీద రాసి పెట్టె మూతకు అంటించండి.